అమ్మ వంతు

ఖాయ్ మియెన్‌కి మొదటి అబద్ధం లిఫ్టులో చెప్పాడు. ఏడో అంతస్తు నుంచి కిందికి దిగేలోపు.

ఆ పొద్దున్నే ఇద్దరికీ గొడవైంది. హనోయ్‌లో హోటళ్ళకి దీపాల డిజైన్లు వేసే ఆఫీసు వాళ్ళది. మియెన్ చేరి అప్పటికి మూడు రోజులు. ఖాయ్ గీసిన డ్రాయింగ్ చూసి, "అన్నం తినేవాళ్ళ నెత్తిమీద ఇంత లైటా? భోజనానికి వస్తారా, ఆపరేషన్‌కి వస్తారా?" అని అందరి ముందూ అడిగేసింది. సాయంత్రం లిఫ్టులో ఇద్దరే మిగిలారు. బయట వాన.

"కోపమొచ్చిందా?" అంది మియెన్.

"లేదు."

"చెవులు ఎర్రబడ్డాయి మరి."

"అవి పుట్టినప్పట్నుంచీ అంతే."

ఆమె నవ్వింది. "ఎవరి పోలిక? మీ నాన్నగారిదా, అమ్మగారిదా? ఏం చేస్తుంటారు వాళ్ళు?"

"నాన్న లేరు. అమ్మకి ఎంబ్రాయిడరీ షాపుంది" అనేశాడు.

ఎందుకన్నాడో అతనికే తెలీదు. వాళ్ళమ్మ థొవా నిన్‌బిన్ దగ్గర నదిలో టూరిస్టులని పడవలో తిప్పుతుంది. చేతులతో కాదు, ఆ ఊరి ఆడవాళ్ళందరిలాగే పాదాలతో తెడ్డు వేస్తుంది. తీరిక దొరికినప్పుడు రుమాళ్ళ మీద పూలు కుట్టి పడవలోనే అమ్ముతుంది. ఆ రుమాళ్ళలోంచి పుట్టింది షాపు.

ఏడాది తిరిగేసరికి ఆ షాపుకి అద్దాల తలుపులొచ్చాయి. నలుగురు పనివాళ్ళు చేరారు. మియెన్ అడిగినప్పుడల్లా ఖాయ్ ఇంకాస్త కట్టేవాడు.

ఈలోగా ఇద్దరి మధ్యా ఇంకేవేవో పెరిగాయి. ఒకే గొడుగు కింద బస్టాపు దాకా నడవడం, ఒకరి కాఫీ ఒకరు తాగేసి "నాదనుకున్నా" అనడం, ఎవరైనా చూస్తే ఇద్దరూ ఒకేసారి కంప్యూటర్ల వైపు తిరిగిపోవడం. ప్రేమ అనే మాట మాత్రం ఎవరూ అనలేదు. అది నోటిదాకా వచ్చినప్పుడల్లా ఖాయ్‌కి లేని షాపు గుర్తొచ్చేది.

మే నెల చివర్లో మియెన్ అంది, "వచ్చే ఆదివారం మా నాన్నని మీ ఊరు తీసుకెళ్దాం."

"మా ఊళ్ళో ఏముంది?"

"నది ఉంది కదా. నాన్న ముప్ఫై ఏళ్ళు రైలు గార్డు పెట్టెలో నుంచుని ఆ కొండల పక్కనుంచి వెళ్ళాడు. ఒక్కసారీ దిగలేదు. రిటైరయ్యాక అమ్మని తీసుకెళ్తానన్నాడు. ఈలోపు అమ్మ పోయింది. ఇప్పుడు అడిగితే, ఒక్కణ్ణీ వెళ్ళి ఏం చూస్తాను అంటాడు." మళ్ళీ తనే, "మీ అమ్మగారి షాపు కూడా చూడొచ్చు" అంది.

"అమ్మ ఉండదు. మా పిన్ని కూతురి పెళ్ళికి వెళ్తోంది."

ఆ సాయంత్రమే ఊరికి ఫోన్ చేశాడు. ఆ నదిలో పడవలన్నిటికీ నంబర్లుంటాయి. వరసలో నంబరు వచ్చిన రోజే పని.

"అమ్మా, ఆదివారం నీ వంతు ఉందా?"

"లేదురా, మంగళవారం. ఏం, వస్తున్నావా?" అంది థొవా. గొంతులో ఆశ దాచుకోవడం ఆమెకి చేతకాదు.

"లేదు. ఊరికే అడిగా."

*

ఆదివారం రేవు కిటకిటలాడుతోంది. నదికి రెండు పక్కలా వరి పండి బంగారంలా మెరుస్తోంది. మియెన్ వాళ్ళ నాన్న బాంగ్ గారు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, రైలెక్కే పిల్లాడిలా టికెట్టు రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

పంట చేతికొచ్చిన వారం. పడవలు నడిపే ఆడవాళ్ళలో సగంమంది కోతలకి పోయారు. దాంతో నంబర్లు గబగబా ముందుకి దూకాయి. మైకులో నంబరు చదివేదాకా ఖాయ్‌కి ఆ సంగతి తట్టలేదు. అది అతనికి అంకెలు వచ్చినప్పట్నుంచీ తెలిసిన నంబరు.

పడవ మెట్లకి ఆనుకుంది. ఆకుల టోపీ కింద, ఎండకి ముఖం చుట్టూ కట్టుకున్న గుడ్డలోంచి రెండు కళ్ళు అతణ్ణి చూశాయి. వెలిగాయి. ఆమె గుడ్డ కిందికి లాగి పిలవబోయింది.

ఖాయ్ ముఖం తిప్పుకుని కొండ వైపు చూశాడు.

ఎంతసేపని? రెండు ఊపిరులంత. ఆ కాసేపట్లోనే థొవా అతని పక్కనున్న అమ్మాయిని చూసింది. తెల్లచొక్కా పెద్దాయన్ని చూసింది. కొడుకు బూట్లు చూసింది. గుడ్డ మళ్ళీ పైకి లాక్కుంది.

"రండి సార్. జాగ్రత్త, కాలు పడవ మధ్యలో పెట్టండి" అంది, ఖాయ్‌తో.

పడవ కదిలింది. ముందు బాంగ్ గారు, ఆయన వెనక మియెన్, ఆమె వెనక ఖాయ్. అతని వెనక అమ్మ, వెనక్కి వాలి పాదాలతో తెడ్లు తోస్తూ. ఆమె ఊపిరి వినిపిస్తూనే ఉంది. వెనక్కి తిరిగే ధైర్యం అతనికి లేదు.

"కాళ్ళతో ఎందుకమ్మా?" అని అడిగాడు బాంగ్ గారు.

"చేతులు గంటకే అలిసిపోతాయండీ. కాళ్ళు సాయంత్రం దాకా విశ్రాంతి అడగవు."

"ఎన్నేళ్ళ నుంచి?"

"మా ఆయన పోయినప్పట్నుంచి. అప్పటికి మావాడు రెండో క్లాసు."

"ఇప్పుడేం చేస్తున్నాడు?" అంది మియెన్ వెనక్కి తిరిగి.

తెడ్డు ఒక్క దెబ్బ తప్పింది. "చదువుకున్నాడమ్మా. ఊళ్ళో ఉండడు."

"వస్తూ పోతూ ఉంటాడా?"

"పనెక్కువ వాడికి" అంది థొవా.

ఎదురుగా ఇంకో పడవ వచ్చింది. అందులో తెడ్డు వేస్తున్న పొరుగింటి అత్త, పేరు న్యూ, కళ్ళు చిట్లించి చూసి కేకేసింది, "ఏమే థొవా, మీవాడొచ్చాడా?"

ఖాయ్‌కి నదిలోకి దూకేద్దామనిపించింది.

"మావాడెక్కడే. హనోయ్ గెస్టులు" అంది థొవా నవ్వుతూ.

న్యూ అత్త ఖాయ్‌ని చూసింది, థొవాని చూసింది. నవ్వు ఆపేసింది. "అలాగా. మీవాడిలా కనిపించాడులే" అని తలొంచుకుని తెడ్డు వేసుకుంటూ పోయింది.

"నీకిక్కడ ఒక డూప్లికేట్ ఉన్నాడోయ్" అంది మియెన్. "ఆఫీసులో నీ బదులు అతన్నే పెట్టుకోవాలి. నీకన్నా ఎక్కువ మాట్లాడతాడేమో."

ఖాయ్ నవ్వాననుకున్నాడు. పెదాలు కదల్లేదు.

మొదటి గుహలోకి వెళ్ళగానే చీకటి కమ్ముకుంది. పైన రాయి బాగా కిందికి ఉంటుంది. తల వంచుకోమని థొవా అందరికీ చెప్పింది. చెబుతూనే, ఎన్నోసార్లు చేసిన అలవాటు కాబోలు, ముందుకి వంగి తడి అరచేత్తో కొడుకు తల మెల్లగా కిందికి నొక్కింది. రాయి దాటేదాకా తియ్యలేదు.

అమ్మా అనడానికి అంతకన్నా మంచి చోటు దొరకదు. చీకట్లో ఎవరి ముఖమూ ఎవరికీ కనిపించదు. ఖాయ్ నోరు తెరిచాడు. అంతలో వెలుగొచ్చేసింది.

రేవుకి తిరిగొచ్చాక బాంగ్ గారు ఆమె చేతిలో టిప్పు పెట్టి, ఇంట్లోకని రెండు రుమాళ్ళు కొని, ఇంకా కావాలంటే చెబుతానని ఫోన్ నంబరు రాసుకున్నాడు. మియెన్ మోచేత్తో పొడిచింది. "నువ్వూ ఇవ్వు. పాపం, అంత దూరం తోసుకొచ్చింది."

ఖాయ్ పర్సు తీశాడు. ఒక నోటు అమ్మ వైపు చాచాడు.

థొవా రెండు చేతులతో అందుకుంది. "థాంక్స్ సార్" అంది.

*

హోటల్లో మేకమాంసం, వేయించిన అన్నం అట్లు వచ్చాయి. బాంగ్ గారు సంతోషంగా ఉన్నాడు. "ఆ రెండో గుహ దగ్గర కొంగలున్నాయి చూశావా? మీ అమ్మ ఉంటే లెక్కపెట్టేది" అన్నాడు కూతురితో. "ఆ పడవావిడ ఎంత మంచి మనిషి."

ఖాయ్ చేతిలో అన్నం అట్టు విరిగి ముక్కలైంది.

"ఆవిడ మా అమ్మ" అన్నాడు.

మియెన్ నవ్వబోయింది. అతని ముఖం చూసి ఆగిపోయింది.

"షాపు లేదు. ఎప్పుడూ లేదు. పెళ్ళీ లేదు. ఈ రోజు అమ్మ వంతు కాదనుకుని తీసుకొచ్చాను."

బాంగ్ గారు చాప్‌స్టిక్స్ గిన్నె మీద అడ్డంగా పెట్టాడు.

"మరి ఇక్కడ కూర్చుని ఏం చేస్తున్నావు బాబూ?" అన్నాడు.

ఖాయ్ లేచి పరుగెత్తాడు.

ఇంటి ముందు అరుగు మీద కూర్చుని థొవా కాళ్ళు కడుక్కుంటోంది. కొడుకుని చూసి చెంబు పక్కన పెట్టింది. "ఆ అమ్మాయేదిరా? బావుంది. గలగలా మాట్లాడుతుంది. నువ్వు తిన్నావా?"

"తిట్టమ్మా" అన్నాడు ఖాయ్.

"తిడితే నీకు తేలిగ్గా ఉంటుందా?"

అతను ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "ఆ డబ్బెందుకు తీసుకున్నావు?"

"తీసుకోకపోతే ఎందుకు వద్దంటోందని ఆ పిల్ల అడగదూ?" థొవా పాదం తుడుచుకుంటూ అంది. "ముఖం తిప్పుకున్నావు చూడు, దానికి అంత బాధ పడలేదురా. కుర్రతనం, సిగ్గుపడ్డావు అనుకున్నా. న్యూతో మావాడు కాదన్నానే, నా నోటితో నేనే. అది మాత్రం నిద్ర పట్టనివ్వదు."

*

తర్వాత మూడు వారాలు మియెన్ అతనితో ఆఫీసు మాటలు తప్ప మాట్లాడలేదు. అవి కూడా మెయిల్‌లో. రెండు కుర్చీల అవతల కూర్చుని.

ఒకరోజు కాఫీ మెషీన్ దగ్గర ఖాయ్ దారికి అడ్డంగా నిలబడ్డాడు. "ఒక్క మాట. అమ్మ గురించి సిగ్గుపడ్డాను. తప్పే."

"అది మీ అమ్మగారికి చెప్పుకో. నా కోపం వేరే" అంది మియెన్. "షాపు లేకపోతే ఈ పిల్ల నాతో మాట్లాడదు అనుకున్నావు కదా? ఏడాదంతా నా పక్కన కూర్చుని నన్ను అలాంటిదాన్ననుకున్నావు."

ఇన్నాళ్ళూ ఖాయ్ తన సిగ్గు తన ఇంటి వరకే అనుకున్నాడు. అది ఈమె మీద కూడా ఇంత బురద చల్లిందని ఇప్పుడే తెలిసింది.

"ఆదివారం అమ్మని పడవెక్కిస్తున్నాను" అన్నాడు చివరికి. "తను కూర్చుంటుంది. నేను తెడ్డు వేస్తాను. నువ్వు రావాలని కాదు, చెప్పాలని."

"నాకెందుకు?"

"నిజాలు చెప్పడం ప్రాక్టీస్ చేస్తున్నాను. ఇంకోటి కూడా ఉంది. నువ్వంటే నాకు ఇష్టం."

మియెన్ కప్పులోకి చూస్తూ నిలబడింది. "రెండూ ఒకేసారి చెప్పకు. దేనికి జవాబివ్వాలో తెలీదు" అని వెళ్ళిపోయింది. వెళ్తున్నప్పుడు ఆమె చెవులు ఎర్రగా ఉన్నాయో లేదో చూసే ధైర్యం అతనికి లేకపోయింది.

*

థొవా ఒక పట్టాన ఒప్పుకోలేదు. "పనీపాటా లేదనుకుంటారురా జనం" అంది. చివరికి పెట్టె అడుగునున్న ఊదారంగు జాకెట్టు తీసి వేసుకుంది. రేవులో ఆడవాళ్ళు ఈలలు వేశారు. "మేడమ్‌గారూ, జాగ్రత్తండీ, కాలు మధ్యలో పెట్టండి" అని ఏడిపించారు.

ఖాయ్ సిగ్గుపడ్డాడు. ఈసారి తలెత్తే ఉంచాడు. "మా అమ్మ. ముందు సీటు ఆవిడదే" అన్నాడు అందరికీ వినబడేలా.

ముందు బల్ల మీద కూర్చుని థొవా చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది, మళ్ళీ తీసింది. అప్పుడు మెట్ల మీంచి ఎవరో పిలిచారు. తెల్లచొక్కా బాంగ్ గారు. ఆయన వెనకే, చెప్పులు చేత్తో పట్టుకుని, మియెన్.

"ఇంకో ఇద్దరికి చోటుందా?" అన్నాడాయన. "మా అమ్మాయి పొద్దున్న ఐదింటికే లేపేసింది. ఎందుకో చెప్పదు."

"నాన్నా, మీరు ఎక్కండి చాలు" అంది మియెన్.

ఆయన ఎక్కి థొవా పక్కన కూర్చున్నాడు. మియెన్ వెళ్ళి వెనక ఖాయ్ పక్కన కూర్చుంది. అతని వైపు చూడలేదు. జవాబూ చెప్పలేదు.

పడవ రేవు దాటగానే అడ్డం తిరిగింది. ఖాయ్ కుడి తెడ్డు తోశాడు. పడవ వచ్చిన దారినే తిరిగి వెళ్ళబోయింది. తామరాకుల్లో ఇరుక్కుంది.

థొవా అటేమీ చూడటం లేదు. కొండ వైపే చూస్తోంది. "ముందు ఎవరి వీపూ లేకుండా నేనెప్పుడూ దీన్ని చూళ్ళేదండీ" అంది బాంగ్ గారితో.

"నేను రైలు వెళ్ళిపోకుండా ఎప్పుడూ చూళ్ళేదమ్మా" అన్నాడాయన.

పడవ ఇంకోసారి గిర్రున తిరిగింది. బాంగ్ గారు పడవ అంచు పట్టుకున్నాడు. "ఈ ఊళ్ళోనే పుట్టాడు కదమ్మా మీవాడు. పడవ నడపడం రాదా?"

"నేనే నేర్పలేదు" అంది థొవా. "వేసవి సెలవుల్లో తెడ్డు ఇవ్వమని ఏడ్చేవాడు. ఇవ్వలేదు. నేర్చుకుంటే ఇక్కడే ఉండిపోతాడని భయమేసేది."

ఖాయ్ తెడ్డు ఆపేశాడు. కళ్ళు మండాయి.

మియెన్ అతని చేతిలోంచి ఒక తెడ్డు లాక్కుంది. దాని మీద రెండు పాదాలూ పెట్టి, అతనికి మాత్రమే వినబడేలా, "రెండోదానికి జవాబు, నాకూ అంతే" అంది. తర్వాత గొంతు పెంచి పిలిచింది. "అత్తా, ఇప్పుడిక భయం లేదు కదా. మా ఇద్దరికీ నేర్పండి."

థొవా మొదటిసారి వెనక్కి తిరిగింది. కొడుకు ముఖం చూసింది. ఆ అమ్మాయి పాదాలు చూసింది.

"బూట్లు విప్పరా ముందు" అంది. "కాలికి నీళ్ళ బరువు తెలియాలి."