పక్క సీటు బ్రేకు

"కట్! మళ్లీ ఆపినవ్! కారు తోలమంటే కునుకు తీస్తున్నవా?" పక్క సీట్లోంచి నవనీత అరిచింది.

"నేను ఆపలే తల్లీ! అదే ఆగుతున్నది," అన్నాడు కరుణాకర్ స్టీరింగ్ మీద తల ఆనించి.

పొద్దున్నుంచీ ఇదే గోల. ఇంటర్ అయిపోయిన స్నేహితులు ఇంట్లో చెప్పకుండా సముద్రం చూడటానికి పారిపోయే సినిమా. యూనివర్సిటీ ఫిల్మ్ క్లబ్బు కోసం కథ రాసిందీ, డైరెక్ట్ చేస్తున్నదీ, హీరోయిన్ మొహం చాటేస్తే ఆ వేషం కట్టిందీ నవనీతే. సముద్రం దాకా పోవాల్సిన కారు ఇంతవరకూ క్యాంపస్ గేటు దాటలేదు. హబ్సిగూడలో డ్రైవింగ్ స్కూలు నడిపే బిక్షం మామను బతిమాలి తెచ్చిన కారది. సాయంత్రం క్లాసుకు తిరిగిచ్చెయ్యాలి.

మిగిలింది చివరి షాటు. తార్నాక వైపు గేటు దగ్గర హీరో వేషంలో ఉన్న కరుణాకర్ కారాపి, "నువ్వు దిగు, నేనొక్కణ్నే పోత" అనాలి. గేటు ఇంకా అల్లంత దూరాన ఉండగానే కారు ఆగిపోతోంది.

ఈ షాటు అయిపోతే సినిమా అయిపోయినట్టే. షూటింగుకు రమ్మని రోజూ పొద్దున్నే ఫోన్ చేసి తిట్టే నవనీత రేపట్నుంచి ఎందుకు చేస్తుంది? కరుణాకర్ దిగులంతా అదే. దాని మీద మళ్లీ ఈ తిట్లొకటి.

వెనక సీట్లో కెమెరా పట్టుకున్న ప్రవళిక ఆవులించింది. "వాన పడేటట్టున్నది. జల్దీ కానియ్యున్రి."

కారు కదిలింది. గేటు కనబడగానే కీచుమని ఆగింది.

"చేతకాకపోతే చెప్పు, ఇంకో హీరోను చూసుకుంట!"

కరుణాకర్‌కు ఒళ్లు మండిపోయింది. బ్రేకు కింద ఏమన్నా ఇరుక్కుందేమోనని వంగి చూశాడు. ఏమీ లేదు. తల పక్కకు తిప్పాడు. నవనీత కాళ్ల దగ్గర ఇంకో బ్రేకు ఉంది. నేర్చుకునేవాళ్లు కంగారు పడితే నేర్పేవాళ్లు తొక్కడానికి పెట్టింది. ఆమె చెప్పు దాని మీద గట్టిగా అదిమి ఉంది.

"ఏందిది?"

నవనీత కిందికి చూసి గబుక్కున కాలు తీసింది. "ఈడ గూడ బ్రేకుంటదని నాకేం తెల్సు?"

"తెల్వకపోతే ఎందుకు తొక్కినవ్?"

"గేటొస్తున్నది కదా..." ఆమె గొంతు తగ్గింది. "గేటొస్తే నువ్వు దిగమంటవ్."

"ఆ డైలాగు రాసింది నువ్వే కదా!"

"రాసేటప్పుడు గింత కష్టమైతదని తెల్వలే!" అని కసిరింది. కళ్లలో నీళ్లు.

అద్దం మీద వాన మొదలైంది. కరుణాకర్ కోపం ఎటు పోయిందో అతనికే తెలియలేదు.

"నాకూ ఆ మాట అనబుద్ధి అయితలేదు. నువ్వంటే ఇష్టం నవనీతా. రేపు గూడ ఫోన్ చేసి తిట్టు."

"తిడత. రోజూ తిడత."

"మరి సినిమా?" అంది ప్రవళిక విసుగ్గా.

"కథ మారింది. ఎవ్వరూ దిగరు," అంది నవనీత.

చెప్పులు విడిచి, రెండు కాళ్లూ సీటు మీదికి ముడుచుకుని కూర్చుంది.

"ఇగ పోనియ్," అంది.

ఆ రోజు మొదటిసారి కారు గేటు దాటింది.