శంఖం ఊదాక కదిలిన మనిషి

సమోవా దీవులన్నిటిలో మలాకీని మించిన గూఢచారి పుట్టలేదు, ఇకముందు పుడతాడన్న ఆశ కూడా నాకు లేదు. ఎన్నో దేశాల మోసగాళ్లు అతన్ని బోల్తా కొట్టించాలని వచ్చి, వాళ్లే బోర్లాపడి పోయారు. ముఖ్యంగా, ఆడదాని చిరునవ్వు అతని మీద పనిచెయ్యదు. ఈ సంగతి రాసిపెట్టుకోండి.

అపియా చేపల మార్కెట్టు వెనక, మూతబడ్డ ఐసు గదిలో దేశపు రహస్య విభాగం ఉంది. ఒక బల్ల, రెండు కుర్చీలు, విసనకర్ర పట్టుకున్న చీఫ్ సలఫాయి మేడమ్. అంతే విభాగం.

"తలుపెయ్యి. తవీతా గుర్తున్నాడా?" అంది ఆవిడ.

"నల్లగాలం ముఠా ఓడలో వంటవాడుగా దూరాడు కదా మేడమ్."

"దూరి, ఆ దొంగచాటుగా చేపలు పట్టేవాళ్లకి చారు కాచిపోస్తూ, ముఠా గుట్టంతా బుర్రలో పెట్టుకున్నాడు. రేపు చీకటి పడగానే ఓడ మీంచి దూకుతాడు. మన గస్తీ పడవ ఒక రేవులో పొంచి ఉండి అతన్ని ఎక్కించుకోవాలి. ఆ రేవేదో ముఠాకి ముందే తెలిసిందనుకో?"

"తవీతా సొరచేపలకి ఫలహారం."

"మన పడవ ఎటు పోతున్నా వాళ్లకి తెలిసిపోతోంది. ఎలాగో ఇన్నాళ్లకి కనిపెట్టాను. డీజిల్! పడవకి డీజిలూ ఐసూ ఇచ్చేది సవాయీ దీవిలో ఫాలేవాయి మత్స్యకారుల సొసైటీ. ఏ రేవులో పీపాలు దింపమన్నారో ఆర్డరు చూస్తే చాలు, పడవ అక్కడే ఉంటుంది. వాళ్ల పాత కంప్యూటర్లో ముఠా చెవులు పెట్టింది."

"అయితే ఈసారి ఆర్డరు లేకుండా ఇమ్మనండి."

సలఫాయి మేడమ్ విసనకర్ర ఆగిపోయింది. "సొసైటీ లెక్కలు చూసే సీనతాలకి నువ్వు చెబుతావా ఆ మాట? ఆర్డరు ఎక్కనిదే ఆవిడ ప్రధానమంత్రి కారుక్కూడా చుక్క పొయ్యదు. పైగా తవీతా ఆవిడ మేనల్లుడు. వాడు న్యూజీలాండ్‌లో ఆపిల్ పళ్లు కోస్తున్నాడనుకుంటోంది. అసలు సంగతి తెలిస్తే ఆ కేకలు ముఠా ఓడ దాకా వినిపిస్తాయి."

మిషన్ సంగతి అప్పుడు చెప్పింది. సొసైటీ కంప్యూటర్‌ని నున్నగా తుడిచి, లినక్స్ ఎక్కించేశారు. మలాకీ వెళ్లి దానిమీద వ్యాపార నిర్వహణ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చెయ్యాలి. ఓపెన్ సోర్స్ సరుకు. దాని కోడ్ ఎవరైనా చదివి చూసుకోవచ్చు గనక అందులో దొంగ నక్కడానికి చోటు తక్కువ.

"నీ వేషం, కంప్యూటర్ మెకానిక్."

"నేను చదువుకున్నదే అది మేడమ్."

"అందుకే ఖర్చు లేకుండా కుదిరింది. సాయానికి కొరిన్నా అనే విదేశీ సలహాదారు వస్తుంది. పైకి సాఫ్ట్‌వేర్ నిపుణురాలు, లోపల మన మనిషి. ముఠా కబుర్లు మనకి చేరవేస్తుంది. కోడ్ మాట, 'సీమపనస మాడిందా?' జవాబు, 'మాడినచోటే రుచి.'" తర్వాత ఆవిడ సొరుగులోంచి ఒక ఎర్ర మందారం తీసింది. "చెవి వెనక పెట్టుకో. రేకుల్లో రేడియో ఉంది. తడపకు."

మర్నాడు పొద్దున్నే మలాకీ పడవ దిగి ఫాలేవాయి చేరాడు. ఆ ఊళ్లో సెల్ సిగ్నల్ అందదు. సొసైటీ ఆఫీసులో ఉన్న కంప్యూటర్ ద్వారా పంచుతున్న వైఫై ఒక్కటే ఊరికి దిక్కు. రేకుల కప్పు కింద, ఐసు మిషన్ పక్కన బల్ల. బల్ల వెనక సీనతాల పెద్దమ్మ.

"ఎవరి పిల్లాడివి నాయనా? ఏ ఊరు మీది?"

మలాకీ తాత పేరు దాకా చెప్పాక గాని ఆవిడ కుర్చీ చూపించలేదు.

"ఇంత బక్కగా ఉన్నావు, మిషను నీ మాట వింటుందా? ముందు తిను." చేమదుంపలూ, కొబ్బరిపాలల్లో ఉడికించిన ఆకుకూరా పళ్లెం నిండా వచ్చాయి. "మా తవీతా కూడా ఇలాగే తిండి దగ్గర బద్ధకిస్తాడు. ఫోన్ చేసి ఎన్నాళ్లయిందో! వాడు కోసే ఆపిల్ పళ్లు మాడిపోనూ."

మలాకీ పళ్లెం మీదికి తల వంచేశాడు. నీళ్లు తాగి పనిలోకి దిగాడు.

సిస్టమ్‌ని అప్‌డేట్ చేశాడు. డేటాబేస్ పెట్టాడు. సాఫ్ట్‌వేర్ పేరుమీద వేరే యూజర్‌ని తయారుచేశాడు, ఇంటి తాళాలన్నీ దాని చేతికి పోకుండా. దూరం నుంచి ఫోన్‌తో సర్వర్‌లోకి వచ్చే దారి ఒకటి తెరిచి, మూడుసార్లు పాస్‌వర్డ్ తప్పు కొడితే ఆ దారి మూసుకుపోయేలా అమర్చాడు. ఇక అసలు ప్యాకేజీ డౌన్‌లోడ్ కావాలి. అది నత్తలా పాకుతోంది.

అప్పుడు వచ్చింది కొరిన్నా. ఎర్ర గౌను, నల్లకళ్లద్దాలు, ఐసు గదిని సైతం వెచ్చబరిచే సెంటు వాసన.

"సీమపనస మాడిందా?" అంది మెల్లగా.

"మాడినచోటే రుచి," అన్నాడు మలాకీ.

"మా వంట గురించి అడుగుతోందా ఈ పిల్ల? సీమపనస ఈ పూట చెయ్యలేదమ్మా," అంది సీనతాల.

కొరిన్నా నవ్వి, గవ్వ కట్టిన పెన్ డ్రైవ్ ఒకటి మలాకీ చేతిలో పెట్టింది. "ఇక్కడి నెట్‌తో రేపటిదాకా అవదు మలాకీ గారూ. ప్యాకేజీ మీకోసం ముందే తెచ్చాను. చిన్న కానుక అనుకోండి."

ఏ ప్యాకేజీకైనా తయారుచేసినవాళ్ల డిజిటల్ సంతకం ఉంటుంది. అది సరిపోయిందో లేదో చూడటానికి ఒక్క లైను కమాండ్ చాలు. మలాకీ వేళ్లు ఆ లైను మీదికే పోయాయి. కానీ ఇచ్చిన మనిషి ఎదురుగా కూర్చునుండగా కానుకను తిరగేసి మరగేసి చూడటం! అలాంటి పని చేస్తే వాళ్లమ్మ చెవి మెలిపెట్టేది. దానికి తోడు కొరిన్నా ఇంకోసారి నవ్వింది.

చూడకుండానే ఇన్‌స్టాల్ చేసేశాడు. చిరునవ్వు పనిచెయ్యదని రాసిపెట్టుకోమన్నాను కదా, అది కొట్టేయండి.

కాన్ఫిగరేషన్ రాసి, సర్వీస్ మొదలుపెట్టి, బ్రౌజర్ తెరిస్తే తెర మీద సొసైటీ పేరు వెలిగింది. సీనతాల రెండు చేతులూ చరిచింది. ట్యూనా, ఐసు, డీజిల్ అన్నిటినీ సరుకుల్లోకి ఎక్కించారు. సాయంత్రం కావస్తుండగా ఆవిడ ఒంటి వేలుతో తొలి ఆర్డరు కొట్టింది. గస్తీ పడవ, డీజిల్ పీపాలు, లోతోపూ రేవు. వెనక నుంచి నల్లకళ్లద్దాలు దాన్ని చదివాయి.

"ఇక చాలు, పోయి నీటిగుంటలో స్నానం చేసిరా నాయనా. చెమట కంపు," అంది సీనతాల.

మలాకీ స్నానం ముగించి రోడ్డెక్కేసరికి చెవి వెనక మందారం గరగరలాడింది.

"మలాకీ! కొరిన్నా మనదీ కాదు, ఎవరిదీ కాదు. రెండువైపులా తినే రకం. నిన్న ముఠా వాళ్ల పడవలో విందు చేసింది. ఆవిడ ఇచ్చిందేదీ ముట్టుకోకు."

"ముట్టుకున్నాను మేడమ్."

"ఎంతవరకు?"

"మొత్తం ఇన్‌స్టాల్ చేశాను."

మందారంలోంచి వచ్చిన మాట ఇక్కడ రాయదగ్గది కాదు.

మలాకీ బుర్ర గిర్రున తిరిగింది. ప్యాకేజీలో దొంగ మాడ్యూల్ ఉంది. అది ఆర్డర్లన్నీ ముఠాకి పంపుతుంది. ఎప్పుడు? బల్ల దగ్గర ఎవరూ ఉండని వేళ. ఫాలేవాయిలో అలాంటి వేళ రోజుకొక్కటే, సాయంత్రపు 'సా'. శంఖం ఊదితే ఊరంతా ఎక్కడివాళ్లక్కడ ఇంట్లో కూర్చుని ప్రార్థన చెయ్యాలి. మళ్లీ ఊదేదాకా రోడ్డు మీద మనిషన్నవాడు కదలకూడదు.

పరుగందుకున్నాడు. సొసైటీ రేకుల కప్పు కనబడింది.

శంఖం ఊదారు.

ఒకేలాంటి లుంగీలు కట్టిన ఊరి కుర్రాళ్లు చేతికర్రలతో రోడ్డు పొడవునా నిలబడ్డారు. వాళ్ల పెద్ద లాఫీ, తలుపంత మనిషి, మలాకీ భుజం మీద చెయ్యి వేశాడు. "ఎక్కడికి బావా? దేవుడి కంటే తొందర పనా?"

"ప్రాణం మీదికొచ్చింది లాఫీ, ఒక్క నిమిషం..."

"ప్రార్థన కూడా ప్రాణం కోసమే. పద లోపలికి."

సొసైటీకి ఎదురుగా ఉన్న గోడల్లేని ఇంట్లోకి నెట్టాడు. మలాకీ చాప మీద బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. అరిస్తే కొరిన్నా వింటుంది. రోడ్డుకి ఆవల బల్ల దగ్గర ఆవిడ ఒక్కతే ఉంది. సీనతాల ప్రార్థనకి ఇంటికి పోయింది. వైఫై మాత్రం ఇక్కడికి అంతంతమాత్రంగా అందుతోంది.

ఇంటివాళ్లు పాట ఎత్తుకున్నారు. మలాకీ తల వంచి, ఫోన్‌ని లుంగీ మడతలో దాచి, సర్వర్‌కి కనెక్ట్ అయ్యాడు. పాస్‌వర్డ్ అడిగింది. తనే పెట్టిన పాస్‌వర్డ్, తాటిచెట్టంత పొడుగు. కొట్టాడు. తప్పు.

"పెదవులు కదపవేం?" పక్కన ముసలావిడ మోచేత్తో పొడిచింది. మలాకీ పాడుతూ రెండోసారి కొట్టాడు. చరణం మారేచోట వేలు జారింది. తప్పు.

ఇంకొక్కసారి. అదీ తప్పితే తన చేత్తో కట్టిన తలుపు తన మొహానే మూసుకుంటుంది. చీకటి ముసురుతున్న సముద్రంలోకి చూశాడు. అక్కడెక్కడో తవీతా ఓడ అంచున నిలబడి, పడవ వస్తుందని నమ్ముకుని ఉంటాడు. మలాకీ పాట ఆపాడు. ముసలావిడ మళ్లీ పొడిచినా కదల్లేదు. ఒక్కో అక్షరం, గోరుతో ముల్లు తీసినట్టు, కొట్టుకుంటూ పోయాడు.

తలుపు తెరుచుకుంది. సర్వీస్ ఒక్కటి ఆపితే చాలదు, వైఫై కూడా పోవాలి. కంప్యూటర్ మొత్తాన్ని ఆపేసే కమాండ్ కొట్టాడు.

ఎదురుగా ఆఫీసులో తెర వెలుగు టప్పున ఆరిపోయింది. దొంగ మాడ్యూల్ నోరు తెరిచేలోపే దాని ప్రాణం పోయింది.

మలాకీ ఊపిరి వదలబోయాడు. వదల్లేదు. కొరిన్నా లేచి సంచీలోంచి లావుపాటి శాటిలైట్ ఫోన్ తీసింది. రేవు పేరు ఆవిడకి నోటికొచ్చు. రేకుల కప్పు కింద ఆ ఫోన్‌కి ఆకాశం దొరకదు. అటూ ఇటూ తిప్పి చూసి, విసుక్కుని, గబగబా బయటికొచ్చి రోడ్డు మధ్యలో నిలబడి ఫోన్ పైకెత్తింది.

మలాకీ లేవబోయాడు. ముసలావిడ అతని చొక్కా పట్టుకుని లాగి కూలేసింది.

ఫోన్ కూతపెట్టింది. సిగ్నల్ దొరికింది. కొరిన్నా బొటనవేలు మీట మీదికి దిగుతోంది.

ఆ వేలికీ మీటకీ మధ్య లాఫీ అరచెయ్యి అడ్డం పడింది.

"ప్రార్థన వేళ ఫోనేంటమ్మా, సిగ్గు లేదూ?" గుసగుసగా అంటూనే ఫోన్ లాక్కుని తాటాకు బుట్టలో పడేశాడు.

"వదులు! నేను విదేశీయురాలిని!"

"మీ దేవుడికి ఈపూట సెలవా? ష్... కూర్చో."

"నేనెవరో తెలుసా నీకు?"

"శంఖం ఊదాక తిరిగిన మనిషివి. అంతకంటే తెలుసుకునేదేముంది? కూర్చో."

చుట్టూ ఎనిమిది కర్రలు. ఎర్ర గౌను కంకర మీద కూలబడింది. రెండో శంఖం ఊదేసరికి మలాకీ ఆవిడ ఎదుట నిలబడి ఉన్నాడు.

ఆ రాత్రి లోతోపూ రేవులో తడిసి ముద్దయిన వంటవాడొకడు గస్తీ పడవ ఎక్కాడు. తెల్లారేసరికి నల్లగాలం ఓడకి సంకెళ్లు పడ్డాయి. తవీతా మేనత్త ఇంటి గుమ్మంలో నిలబడితే, సీనతాల ముందు చెప్పుతో ఒక్కటిచ్చి, తర్వాత వాణ్ణి కావలించుకుని ఏడ్చింది. "ఆపిల్ పళ్లు కోస్తున్నానన్నావు కదరా! ఒక్క పండయినా తెచ్చావా?"

మలాకీ ఆ వారమంతా అక్కడే ఉండి, కంప్యూటర్‌ని మళ్లీ తుడిచి, ప్యాకేజీ సంతకం సరిచూసి, సాఫ్ట్‌వేర్‌ని మొదటినుంచీ ఇన్‌స్టాల్ చేశాడు. ఊరి పెద్దలు కొరిన్నాని పోలీసులకి అప్పగించేముందు పెట్టెలకొద్దీ డబ్బా చేపలు జరిమానా వేశారు. ప్రార్థనలో ఫోన్ నొక్కినందుకు మలాకీకీ ఒక పంది జరిమానా. సలఫాయి మేడమ్‌ని అడిగితే, రహస్య విభాగం బడ్జెట్‌లో పందులకి చోటు లేదంది.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే, ఆ మందారంలో రేడియో. మన విభాగానికి అంత స్తోమత ఎక్కడిది? కబురు తెచ్చింది రేవు బస్సు డ్రైవరు. పాటలు హోరెత్తిస్తూ వచ్చి, కిటికీలోంచి తల బయటపెట్టి, ఊరంతా వినేలా అరిచాడు: "మలాకీ ఎవరయ్యా ఇక్కడ? ఎర్ర గౌనామెని నమ్మొద్దని మీ రహస్య విభాగం వాళ్లు చెప్పమన్నారు!" స్నానంలో మునిగి ఉన్న మలాకీ, ఐసు మిషన్ మోత పక్కనున్న కొరిన్నా తప్ప ఊళ్లో అందరూ విని, అతను రోడ్డెక్కగానే చెవిలో వేశారు. లాఫీ అయితే అందరికంటే ముందు విన్నాడు.