మడచెట్లలో పిలుపు

ఉమ్ అల్ క్వైన్ వైపు ఖోర్‌లో, సముద్రం నీళ్లు లోపలికొచ్చే బురద మడుగులో, మడచెట్ల మధ్యనుంచి ఒక పెద్ద పైపులైను పోతుంది. చీకటిపడ్డాక అక్కడ ఎవరో పేరు పెట్టి పిలుస్తారని షార్జా కూలీల క్యాంపుల్లో అందరికీ తెలుసు. ముదీర్‌కూ, అంటే మేనేజరుకూ తెలుసు. ఆయన ఏసీ గదిలో కూర్చుని నవ్వుతాడు. నవ్వక ఏం చేస్తాడు, బురదలో దిగేది ఆయన కాదు కదా.

ఇది 2023 ఎండాకాలంలో భూమేశ్‌కు జరిగింది. అతను చెప్పింది చెప్పినట్టే చెబుతున్నాను.

పైపు మీదికి పాకిన కొమ్మలు, వేళ్లు కోసి దారి తెరిచి ఉంచడం భూమేశ్ వాళ్ల పని. నీళ్లు దిగినప్పుడే కొయ్యాలి. ఆ వారం నీళ్లు దిగింది రాత్రిళ్లే.

భూమేశ్, అతని అక్క కల్పన భర్త రాజేశ్వర్ పైపుకు చెరో పక్కన దిగారు. నడుముకు కట్టుకునే తాళ్లు బస్సులోనే ఉండిపోయాయి. అడిగితే ఫోర్‌మన్, నీళ్లు ఎక్కేలోపు పని ఖలాస్ చేయండి, యల్లా, తొందరగా, అన్నాడట. తాడు లేకుండా మనిషిని బురదలోకి తోలడం... థూ.

"దెయ్యం మనల్ని పట్టుకొని యాడికి తీస్కపోతదిరా? పాస్‌పోర్టు పనిచ్చిన కఫీల్ దగ్గరుండె," అని రాజేశ్వర్ నవ్వించాడు.

కాసేపటికి అవతల రంపం చప్పుడు ఆగింది.

"భూమేశ్..."

గొంతు బావదే. కానీ దెయ్యం ఎవరి గొంతైనా తెచ్చుకుంటుంది. రాత్రి పేరు పెట్టి పిలిస్తే మూడోసారి దాకా పలకొద్దని, దెయ్యం రెండుసార్లే పిలుస్తుందని తల్లి సాయవ్వ చిన్నప్పటినుంచీ చెప్పింది. భూమేశ్ పెదవి కొరుక్కుని నిలబడ్డాడు.

"భూమేశ్..."

ఇంకా సన్నగా. పలకలేదు. కాళ్లకు వెచ్చగా నీళ్లు తగిలాయి — పోటు మొదలైంది. ఎదురుచూశాడు... ఏమీ లేదు...

"భూమేశ్."

ఈసారి స్పష్టంగా, చెవి పక్కనే. ఏ దిక్కునుంచి వచ్చిందో కూడా చూసుకోలేదు. పైపు దాటి దూకాడు.

రాజేశ్వర్ భుజాల దాకా బురదలో ఉన్నాడు. నీళ్లు మూతి దాటాయి. తల వెనక్కి వాల్చి ముక్కుతో ఊపిరి పీలుస్తున్నాడు.

భూమేశ్ కోసిన కొమ్మలన్నీ బురద మీద పరిచి, వాటి మీద బోర్లా పడుకుని, చంకల్లో చేతులేసి లాగాడు. బురద వదల్లేదు. "అక్కకు ఏమని చెప్పాలె బావా... ఏమని చెప్పాలె," అని ఏడుస్తూ లాగాడు. చివరికి బూట్లు బురదకు వదిలి మనిషి పైకొచ్చాడు.

పైపు మీద పడి ఇద్దరూ రొప్పారు.

"మొదటిసారి పిలిచినప్పుడే రాకపోతివేందిరా?"

"మూడోసారి కోసం ఆగిన బావా."

రాజేశ్వర్ నోట్లో బురద ఉమ్మేసి అతని వంక చూశాడు.

"నేను రెండుసార్లే పిలిచిన. తర్వాత నోట్లకు నీళ్లొచ్చినయి."

దూరంగా బస్సు హారన్ మోగుతోంది. పోదాం పా అని రాజేశ్వర్ చెయ్యి పట్టి గుంజాడు. భూమేశ్ కదల్లేదు. ఆ మూడో పిలుపుకు అంతసేపూ పలకనందుకు సిగ్గేసిందట. చీకటి కేసి తిరిగి, మెల్లగా అన్నాడు —

"ఓ... విన్న."

మడచెట్ల లోపల ఎవరో ఊపిరి వదిలారు.