ఇసుక ఎక్కిన క్యాబిన్

"పరిగెత్తు!"

భార్య చెయ్యి పట్టుకుని లాగుతున్నాడు రోప్‌వే ఆపరేటర్. కొండ మెట్లు తరగడం లేదు. వెనక టార్చిలైటు... దగ్గరవుతోంది!

ఢాం!

పక్కనున్న రాయి పెచ్చులూడింది.

"తల వంచు!"

చివరి మెట్టు. వ్యూ పాయింట్! రేకు గేటు మూసి గడియ బిగించేశాడు.

కింద నగరం నిండా ఆరబోసిన దీపాలు. పగలైతే ఇక్కడ ఫొటోల కోసం జనం ఒకళ్లనొకళ్లు తోసుకుంటారు. ఇప్పుడు ఈదురుగాలి తప్ప ఎవడూ లేడు.

చంకలో సంచి. సంచిలో మూరెడు ఇనప తాడు ముక్క. తుప్పు పట్టి, పోగులు లేచిపోయి...

పోయిన నెల రోప్‌వే తాడు తెగి క్యాబిన్ పడిపోయింది. నలుగురు పోయారు. వారంలోనే కొత్త తాడేసి, పాతది మాయం చేశారు. తప్పంతా ఆపరేటర్‌దేనన్నాడు ఓనరు. రేపు విచారణ. పాత తాడుకే రంగేసి బిగించారని చెప్పడానికి ఈ ముక్కొక్కటే సాక్ష్యం. ఇది పోతే తనకి జైలే!

బిగించింది సొంత బావమరిది. ఓనరు బిగించమన్నాడు, వాడు బిగించాడు. "విచారణలో నిజం చెప్పేస్తా బావా" అని మొన్ననే కాళ్లు పట్టుకున్నాడు.

ఫోను మోగింది. వాడే!

"బావా! కింది స్టేషన్‌లో ఉన్నా. కారు తెచ్చా. క్యాబిన్ ఎక్కేయ్, రేప్పొద్దున దాకా దాచేస్తా!"

"ఒరేయ్, గాలి..."

"గాలీ లేదు, గీలీ లేదు! ఎక్కవయ్యా బాబూ!"

కట్.

గేటు దబదబా మోగుతోంది.

"మీరెళ్లండి!" గేటుకి వీపు ఆనించి నిలబడింది భార్య. "వాళ్లకి కావాల్సింది మీరు. నన్నేం చెయ్యరు. వెళ్లండి!"

ఎంత గుండె! అతని కళ్లు చెమర్చాయి.

రోప్‌వే మోటారు గది వెనక్కి ఉరికాడు. మెడలో వేలాడే తాళంచెవి తీసి తిప్పాడు. మోటారు మూలిగింది. తాళం మళ్లీ మెడలోకి.

చేతులు వాటంతటవే ఇసుక బస్తాల మీదికి వెళ్లాయి.

గాలి రోజున మొదటి క్యాబిన్‌లో మనిషి ఎక్కడు. ఇసుక ఎక్కుతుంది. అది క్షేమంగా దిగితేనే మనుషులు. ప్రాణం మీదికొచ్చినా అలవాటు అలవాటే.

క్యాబిన్‌లో రెండు బస్తాలు. వాటి మధ్య సంచి. తాను దొరికినా ముక్క దొరక్కూడదు. బావమరిది చేతికి చేరితే చాలు!

లివర్ లాగాడు. క్యాబిన్ చీకట్లోకి జారింది.

రెయిలింగ్ దగ్గరికి పరుగు. నాణెం పడితేగానీ కన్ను తెరవని టెలిస్కోప్. జేబు తడిమి వేశాడు.

"మీరు... ఎక్కలేదా?"

భార్య గొంతు. అదోలా ఉంది.

"ఇసుక పంపా. తర్వాత ఇద్దరం..."

నడిమధ్యలో క్యాబిన్ ఆగిపోయింది!

ఎర్ర లైటు. ఎమర్జెన్సీ!

పక్క స్తంభం మీంచి క్యాబిన్ మీదికి తుపాకి మెరుపులు. ఒకటి... రెండు... మూడు! అద్దాలు పొడిపొడి.

టెలిస్కోప్ కిందికి తిప్పాడు. కింది స్టేషన్. ఎర్ర బటన్ మీద చెయ్యి. బావమరిది చెయ్యి! వాడి భుజమ్మీద ఓనరు చెయ్యి. వాడు ఏడుస్తున్నాడు. బటన్ మాత్రం వదల్లేదు.

"చూశావా! నీ తమ్ముడు... నన్ను..."

వెనక్కి తిరిగాడు.

ఆమె కళ్లు పొడిగా ఉన్నాయి.

"మీరు ఎక్కేసుంటే బాగుండేదండీ."

అప్పుడర్థమైంది. మెట్ల మీద ఆ తూటా గురి తప్పలేదు, కావాలనే రాయికి కొట్టారు. గొర్రెని తోలినట్టు తోలారు తనని... క్యాబిన్‌లోకి!

"నీకు తెలుసా?"

"వాడు నిజం చెబితే జైలుకి పోతాడు. అమ్మ పోయాక నా చేతుల్లో పెరిగాడండీ. నా బిడ్డ వాడు."

"మరి నేను?"

ఆమె గేటు వైపు తిరిగింది. గడియ తీసింది.

ముందు పిస్టల్ వచ్చింది. దాని వెనక మనిషి.

"ముక్క ఇచ్చెయ్యండి. వదిలేస్తామన్నారు," అంది ఆమె.

నవ్వొచ్చింది అతనికి. చేదుగా.

"పెళ్లైన కొత్తలో ఇక్కడే, ఈ టెలిస్కోప్ దగ్గరే అడిగావు. మనిల్లు ఏదో చూపించమని."

"ఇప్పుడా మాటలెందుకండీ... ముక్కేది?"

"చూపిస్తా." నడిగాల్లో ఊగుతున్న క్యాబిన్ వైపు వేలు చూపాడు. "అదిగో. బస్తాల మధ్య."

పిస్టల్‌వాడు ఫోన్‌లో అరిచాడు. "క్యాబిన్ దించండ్రా!"

"దిగదు. కింద ఎమర్జెన్సీ కొడితే పైన తాళం తిప్పాల్సిందే. నీ తమ్ముడు తాళ్లు బిగించేవాడేగా, వాడికేం తెలుసు!" అన్నాడు భార్యతో.

మెడలోంచి తాళం తెంపాడు. పిడికిలి రెయిలింగ్ అవతలికి చాపాడు.

"రెండో తాళం విచారణవాళ్ల దగ్గరుంది. పొద్దున్నే తెస్తారు. ఆ ముక్క వాళ్లే దించుకుంటారు!"

పిడికిలి విప్పాడు.

తాళం నగరం దీపాల్లోకి రాలిపోయింది.

"ఏమండీ!"

ఆమె గొంతు మొదటిసారి వణికింది. తమ్ముడి కోసం.

ఢాం!