చేపల లైటు వెయ్యగానే

పెళ్ళయ్యాక మా ఆవిడ తనంతట తానుగా మొదటిసారి నా చెయ్యి పట్టుకున్నది చీకట్లో. అదీ పొరపాటున.

చేపల తొట్టి లైటు స్విచ్ నొక్కింది. టప్‌మని ఇల్లంతా చీకటైపోయింది. కంగారులో దేన్నో ఒకదాన్ని పట్టుకుందామని చెయ్యి చాపింది. దొరికింది నేను.

"సారీ అండీ. కుర్చీ అనుకున్నాను," అంది.

"పర్లేదు. కుర్చీ అనుకునే ఇంకాసేపు పట్టుకో."

నవ్విందో లేదో కనపడలేదు గానీ, చెయ్యి మాత్రం వెంటనే తియ్యలేదు. ఆ సంతోషంలో నేను తేలిపోతుండగా వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించింది.

"ఒరేయ్, నా కేకు."

అమ్మ ఆర్డర్ల మీద కేకులు చేస్తుంది. చుట్టుపక్కల వీధుల్లో ఎవరి పుట్టినరోజైనా కేకు మా వంటింట్లోంచి వెళ్ళాల్సిందే. కేకు పొంగే సమయంలో ఓవెన్ ఆగిపోతే మధ్యలో గుంటపడి కూర్చుంటుంది. మళ్ళీ లేవదు. నేను తడుముకుంటూ గుమ్మం పక్కనున్న కరెంటు బోర్డు దగ్గరికి పరిగెత్తి, పడిపోయిన బ్రేకర్ పైకెత్తాను. ఇంట్లోకి వెలుగొచ్చింది. కేకు మాత్రం కూలిపోయింది.

అప్పట్నుంచి మా సాయంత్రాలన్నీ అలాగే గడిచాయి. మా ఆవిడ ఆఫీసు నుంచి వచ్చి లైటు వేస్తుంది, బ్రేకర్ పడిపోతుంది, నేను బోర్డు దగ్గరికి పరిగెడతాను. ప్లగ్గు మార్చి చూశాం. ఆఖరికి కొత్త లైటే కొన్నాం. అది ఒక్క సాయంత్రం బుద్ధిగా వెలిగి, మర్నాడే పాతదాని దారి పట్టింది. ఎలక్ట్రీషియన్ ఒక పొద్దున వచ్చి వైర్లన్నీ పరీక్షించాడు. ఆయన ముందు లైటు దివ్యంగా వెలిగింది.

"ఇందులో ఏం తప్పు లేదు సార్. మీ చేపలకి సాయంత్రాలంటే పడదేమో," అని చక్కా పోయాడు.

ఆ చేపలు మా ఆవిడతో పాటే మా ఇంటికి కాపురానికి వచ్చాయి. తను ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. "పొద్దున్నుంచీ నన్ను చూడగానే చెయ్యి వెనక్కి లాక్కునేవాళ్ళే అండీ. నన్ను చూడగానే దగ్గరికొచ్చేవి ఇవే," అంది ఒకసారి.

"మరి నేను?"

"మీరు సూది లేకపోయినా వెనక్కే జరుగుతారుగా."

నిజమే, నాకు సిగ్గెక్కువ. తను నాతో మాట్లాడే మాటలు కూడా తక్కువే. చేపలతో మాత్రం తొట్టి ముందు స్టూలు వేసుకుని ఎన్నో చెప్పేది. నేను పక్కగదిలో పేపరు పట్టుకుని కూర్చుని అన్నీ వినేవాణ్ణి. తనకి కాఫీలో చక్కెర ఎక్కువ కావాలని, ఈయనకి నీలం చొక్కా బాగుంటుందని, అత్తయ్యగారంటే కాస్త భయమని నాకు తెలిసింది అలాగే. మర్నాడు నీలం చొక్కా తొడుక్కునేవాణ్ణి. కాఫీలో ఇంకో చెంచా చక్కెర వేసి ఇచ్చేవాణ్ణి. మా కాపురం అలా చేపల మీదుగా నడుస్తోంది.

ఇంతలో ఒక పెళ్ళిరోజు కేకు కూలిపోయింది. ఆ ఆర్డరిచ్చినవాళ్ళు గుమ్మంలో నిలబడి ఉండగానే.

"వాటికి లైటు కావాలి, నాకు ఓవెన్ కావాలి. ఈ ఇంట్లో రెండూ కుదిరేలా లేవు," అంది అమ్మ వాళ్ళు వెళ్ళాక.

"సరే అత్తయ్యా. మా ల్యాబులో ఒకావిడ పెంచుకుంటానంటున్నారు. ఆదివారం ఇచ్చేస్తాను," అంది మా ఆవిడ. అంతే. ఏడవలేదు, అలగలేదు. ఆ సాయంత్రం స్టూలు వేసుకోలేదు, చేపలతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

ఆ తొట్టి వెళ్ళిపోతే ఈ మనిషి మనసులో మాట నాకెవరు చెప్తారు?

పడుకోబోయే ముందు మా ఆవిడ లైటు ప్లగ్గు తీసి, వైరు లైటులోకి దూరే చోట మెత్తటి కాగితం ఒత్తి నాకు చూపించింది. కాగితం తడిసింది.

"ఇక్కడ తడి ఉంది, చూడండి. నేనివాళ మూత తియ్యనేలేదు."

"మరి ఎలా వచ్చింది?"

"అదే తెలియట్లేదు. పొద్దుటికి ఆరిపోతోంది, సాయంత్రానికి మళ్ళీ వస్తోంది." అని నావైపు అదోలా చూసింది.

మర్నాడు శుక్రవారం. మధ్యాహ్నం సెలవు పెట్టి, చప్పుడు కాకుండా వెనక గుమ్మం వైపు నుంచి ఇంటికొచ్చాను. అక్కడ చెప్పులు చేత్తో పట్టుకుని మా ఆవిడ నిలబడి ఉంది.

"నువ్వేంటి ఇక్కడ?"

"ష్. మీరేంటి ఇక్కడ?"

"తడి ఎలా వస్తోందో చూద్దామని. నువ్వు?"

"నేనూ అందుకే. దొంగ మీరే అనుకున్నాను."

"నేనా? నాకేం అవసరం?"

"కరెంటు పోతే నేను మీ చెయ్యి పట్టుకుంటానని."

నా చెవులు కాలిపోయాయి. అంత మంచి ఆలోచన నాకెందుకు రాలేదా అనిపించింది కూడా.

ఇద్దరం తొట్టి ఉన్న గదిలోకి దూరి కర్టెన్ వెనక నిలబడ్డాం. అది ఒక మనిషికి సరిపోయే కర్టెన్. తన జడ నా భుజం మీద పడింది. నేను ఊపిరి పీల్చుకోవడం మానేశాను.

"ఇవాళ వెనక్కి జరగట్లేదే," అంది గుసగుసగా.

"వెనక గోడుంది."

"నేను చేపలతో చెప్పేవన్నీ మీరు పక్కగదిలోంచి వింటారని నాకు తెలుసు."

"ఎలా?"

"పేపరు తిరగేసిన చప్పుడు ఎప్పుడైనా వినిపిస్తే కదా. అందుకే మీ గురించి చెప్పేవి కాస్త గట్టిగా చెప్తాను."

అంతలో అమ్మ వచ్చింది. చేతిలో నీళ్ళ గిన్నె, గుడ్డ. గుడ్డని పూర్తిగా పిండకుండానే తొట్టి అద్దం తుడిచింది, మూత తుడిచింది, లైటునీ దాని వైరునీ శుభ్రంగా తుడిచింది. నీళ్ళు బొట్లుబొట్లుగా వైరు వెంట జారాయి.

"ఏమర్రా, అలా చూస్తారేం? మీ అమ్మ వచ్చేసరికి తళతళలాడుతూ ఉండద్దూ," అంది చేపలతో. మళ్ళీ తనే, "ఆదివారం మిమ్మల్ని పంపించేస్తుందట. నేనే అన్నాన్లే, కోపంలో. వద్దు అత్తయ్యా, నేను ఉంచుకుంటానని నాతో ఒక్కసారి పోట్లాడకూడదూ? అన్నిటికీ సరే అత్తయ్యా అంటుంది. కబుర్లన్నీ మీకే. ఈ ఇంట్లో నాకు మాత్రం చుట్టాన్ని పలకరించినట్టు పలకరింపులు," అంటూ మూత మళ్ళీ తుడవబోయింది.

నేను పట్టుకునేలోపే మా ఆవిడ కర్టెన్ తప్పించుకుని బయటికి నడిచింది.

"వద్దు అత్తయ్యా. నేను వీటిని ఉంచుకుంటాను."

అమ్మ గుడ్డ గిన్నెలో జారవిడిచింది. కోడల్ని చూసింది. ఆ వెనకే కర్టెన్లో చిక్కుకుని గింజుకుంటున్న నన్ను చూసింది.

"పట్టపగలు ఆఫీసులు ఎగ్గొట్టి మీరిద్దరూ ఆ కర్టెన్ వెనక ఏం చేస్తున్నార్రా?"

"అది కాదమ్మా, లైటు..."

"నాతో ఒక మాట చెబితే నేనే ఎక్కడికో అక్కడికి వెళ్ళేదాన్నిగా."

మా ఆవిడ మొహం టమాటా అయింది. అయినా నవ్వు ఆపుకుంటూ అమ్మ చెయ్యి పట్టుకుని తొట్టి దగ్గరికి తీసుకెళ్ళింది. ప్లగ్గు తీసేసి, వైరు లైటులోకి దూరేచోట తడి చూపించి, బ్రేకర్ ఎందుకు పడిపోతోందో చెప్పింది.

అమ్మ ఆ తడిని వేలితో తాకి చూసింది. "అంటే నా కేకులన్నీ కూల్చింది నేనేనా?"

"మనిద్దరం కలిసి కూల్చాం అత్తయ్యా. తడిపింది మీరు, స్విచ్ వేసింది నేను."

"చెప్పచ్చు కదే, తడి తగలకూడదని."

"మీరు తుడుస్తున్నారని నాకు తెలిస్తే కదా. రేపట్నుంచి అద్దం మీరు తుడవండి. లైటు జోలికి మాత్రం వెళ్ళకండి. షాకు కొడుతుంది."

"ఇన్నాళ్ళకి నన్నొక మాటంది," అని అమ్మ నాతో గొప్పగా చెప్పింది.

లైటుని పొడిగుడ్డతో తుడిచి, ఫ్యాను కింద బాగా ఆరనిచ్చి, మళ్ళీ బిగించాం. అమ్మ కోడలి వైపోసారి, నా వైపోసారి చూసి సంచీ అందుకుంది.

"వెన్న అయిపోయింది. వీధి చివరి దుకాణానికి వెళ్ళొస్తాను," అని తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది.

నేను అలవాటు ప్రకారం బోర్డు దగ్గర నిలబడ్డాను. మా ఆవిడ స్విచ్ నొక్కింది. తొట్టంతా వెలిగింది. ఇద్దరం చెవులు రిక్కించాం. బ్రేకర్ చప్పుడు లేదు.

"ఇంకా అక్కడే ఎందుకండీ? ఇక పడదు. ఇటు రండి."

వెళ్ళాను. స్టూలు మీద సగం చోటిచ్చింది.

"ఇన్నాళ్ళూ నేను చెప్పేవి విన్నారు కదా. ఇప్పుడు మీరు చెప్పండి. అత్తయ్యగారు వచ్చేలోపు."

"నువ్వంటే నాకు చాలా ఇష్టం," అన్నాను, చేపల వంక చూస్తూ.

"వాటితో కాదు."

తనవైపు తిరిగి మళ్ళీ చెప్పాను. ఈసారి చెప్పడానికి చాలాసేపు పట్టింది. చెప్పాల్సినవి చాలానే ఉన్నాయని మొదలుపెట్టాకే తెలిసింది.

వీధి చివరికి వెళ్ళిన అమ్మ పొద్దు వాలాక గానీ రాలేదు. వెన్న కూడా తేలేదు.