శ్రీదుర్గ అడిగిన బోర్డు

"నేనడిగిందేంటి, మీరు పెట్టిందేంటి?"

గవర్నరుపేటలో కంప్యూటరు కొట్టు మెట్లెక్కుతూనే శ్రీదుర్గ అడిగిన మాట అది. బయట వాన కురుస్తోంది. చేతిలో గొడుగు ఇంకా మూయలేదు. దాని నీళ్ళన్నీ కౌంటరు మీద పేర్చిన కీబోర్డుల మీద కారుతున్నాయి.

ఉమామహేశ్ తలెత్తాడు. ఆ కొట్లో కంప్యూటర్లు బిగించేది అతనే.

"ముందా గొడుగు మూయండి మేడమ్. ఏమైందండీ?"

"ఏమైందా? ప్రాసెసరు స్పీడు పెంచుకునే మదర్‌బోర్డు కావాలన్నాను. ఓవర్‌క్లాకింగ్ అని పేరు పెట్టి మరీ చెప్పాను. ఇంటికెళ్ళి సెట్టింగులు తెరిస్తే ఆ మాటే లేదు. ప్రాసెసరు పరుగెత్తుతానంటుంది, మీ బోర్డు ఒప్పుకోదు. ఎద్దునమ్మి కాళ్ళకు బంధం వేసి పంపారు."

"మీరడిగిన బోర్డు ఆ రోజు స్టాకు లేదండి. దీని ధరే తీసుకున్నాం, పైసా ఎక్కువ పట్టలేదు. అయినా చీరల డిజైన్లకి ఓవర్‌క్లాకింగ్ ఎందుకండీ? అది గేములాడే కుర్రాళ్ళకి. మీ మంచి కోసమే ఇది పెట్టాను."

శ్రీదుర్గకు ఒళ్ళు మండింది. మోసం చేశాడంటే తిట్టి ఊరుకునేది. మంచి చేశానంటున్నాడే!

"నా మంచి సంగతి నన్నడిగారా? ఒక ఫోను కొట్టడానికి వేళ్ళు నొప్పెట్టాయా?"

"అంటే... మీరు కంగారుపడతారని..."

"ఇప్పుడు నేను కంగారుపడుతున్నట్టున్నానా?"

లేదు. కళ్ళెర్రజేసి నిలబడి ఉంది. కోపంలో ఆ కళ్ళు ఇంకా పెద్దవయ్యాయి. ఉమామహేశ్ వాటికేసి ఒక్క క్షణం ఎక్కువే చూశాడు. చూసి, స్క్రూడ్రైవరు కింద పడేశాడు.

"నీలం గుర్తు కంపెనీ ప్రాసెసరు తీసుకునుంటే..."

"మళ్ళీ మొదలెట్టకండి! ఎరుపా నీలమా అని ఆ రోజూ నన్ను నిలబెట్టి పాఠం చెప్పారు. ఆ రెండు కంపెనీలూ పోటీపడి కొట్టుకుంటుంటే మధ్యలో మీకెందుకండీ పౌరుషం? రేపు కొత్త ప్రాసెసరొస్తే ఇదే బోర్డులో వేసుకోవచ్చని నేనే ఎరుపు ఎంచుకున్నాను. నా బోర్డు నాకివ్వండి."

"తెప్పిస్తానండి. నేనే వచ్చి బిగిస్తాను."

"మీరే రావాలి. ఇంకెవర్నో పంపితే ఊరుకోను," అని గొడుగు విదిల్చి దిగిపోయింది. ఆ విదిలింపుకి అతని చొక్కా తడిసింది. అతను తుడుచుకోలేదు.

శ్రీదుర్గ కోపం ఊరికే పుట్టింది కాదు. మంగళగిరిలో వాళ్ళది మగ్గం ఇల్లు. తండ్రి మార్కండేయులు గుంట మగ్గం మీద కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికి గానీ లేవడు. నూలూ జరీ ఇచ్చి నేయించుకునే షావుకారు ఏ అంచు చెబితే ఆ అంచే నేస్తాడు. శ్రీదుర్గ కంప్యూటరు మీద అంచులు గీయడం నేర్చుకుంది. గీసిన అంచు చీర మీద ఎలా పడుతుందో ఆ కంప్యూటరే తెర మీద చీర తిప్పి చూపిస్తుంది. కానీ పాత ప్రాసెసరు చీర సగం తిరిగేసరికి నిద్రపోయేది.

"మగ్గం మీదున్న పడుగు అయిపోయేలోగా నీ అంచు చూపించమ్మాయ్. నచ్చితే వచ్చే పడుగుకి అదే. లేదా షావుకారిదే," అన్నాడు మార్కండేయులు.

మగ్గానికి నిలువుగా ఎక్కించిన ఆ పడుగు నూలు రోజురోజుకీ తరిగిపోతోంది. అందుకే కొత్త ప్రాసెసరు. అందుకే స్పీడు.

ఉమామహేశ్ వచ్చిన రోజు కూడా వానే. బస్సు దిగి నడిచొచ్చాడు. రెయిన్‌కోటు బోర్డు పెట్టెకి చుట్టి, తను నిలువునా తడిసి గుమ్మంలో నిలబడ్డాడు. శ్రీదుర్గకు నవ్వొచ్చింది. పళ్ళు బిగించి ఆపుకుంది.

"కాళ్ళు తుడుచుకుని రండి. నూలుంది."

తల్లి పున్నమ్మ తువ్వాలు తెచ్చిచ్చింది. "తల తుడుచుకో బాబూ, జలుబు చేస్తుంది. దాని మాటలు పట్టించుకోకు."

"అమ్మా! ఆయన పక్షమా నువ్వు?"

మగ్గాల గదిలోనే, గుంట పక్కన బల్ల మీద ఉంది కంప్యూటరు. ఉమామహేశ్ కొత్త బోర్డు బిగించాడు. శ్రీదుర్గ స్పీడు తానే పెంచింది. తెర మీద చీర గిర్రున తిరిగింది. అంచు మీద చిన్న చిన్న పడవలు, వాటి కింద నీటి గీతలు.

మార్కండేయులు పోగు విసిరే నాడె ఆపాడు. మెడ చాచి చూశాడు.

"ఆ పడవ కొన దగ్గర జరీ ఎన్ని పోగులు?" అంటుండగానే తెర నల్లబడింది. కంప్యూటరు మొత్తం ఆగిపోయింది.

"ఇదేనా?" అన్నాడాయన. మళ్ళీ నాడె విసిరాడు.

శ్రీదుర్గ కంప్యూటరు పెట్టె మీద చెయ్యి వేసింది. పెనంలా కాలింది. కంగారులో మగ్గం సంగతి మరిచి, చటుక్కున లేచి గదిలో ఫ్యాను వేసింది.

"ఫ్యాను ఆపు! పోగులు తెగుతాయి!" మార్కండేయులు అరిచాడు.

ఉమామహేశ్ తెల్లబోయాడు. "ఫ్యాను వేసుకోరా మీరు?"

"మగ్గం నడిచేటప్పుడు ఫ్యానేంటండీ? గాలికి నూలు ఎండి టపటపా తెగుతుంది. కిటికీలు కూడా మూసే ఉంచుతాం."

అతను పెట్టె విప్పాడు. బోర్డు బిగించే తొందరలో చూడలేదు గానీ, లోపల చిన్న ఫ్యాను రెక్కల నిండా దూది పీచు.

"గాలి లేని గదిలో, ఈ పీచులో, ఓవర్‌క్లాకింగా?" ఈసారి అతనికి కోపం వచ్చింది. "ఇలాంటి గదిలో పెడతానని కొనేటప్పుడే ఒక్క మాట చెప్పొచ్చు కదండీ?"

"ఎక్కడ పెడతారని ఒక్క మాట అడగొచ్చు కదండీ?"

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు మింగేలా చూసుకున్నారు. పున్నమ్మ మధ్యలో టీ గ్లాసులు పెట్టి వెళ్ళిపోయింది.

ఉమామహేశ్ ముందు తగ్గాడు. "అడగాల్సింది. తప్పే. ఇప్పుడడుగుతున్నాను. ఇక్కడే ఎందుకు పెట్టారు?"

"నాన్న గుంటలోంచి లేవరు. ఆయన చూస్తేనే కదా అంచు మగ్గమెక్కేది." ఆ మాట అంటూనే శ్రీదుర్గ కిటికీ వైపు తిరిగింది. "అయినా నాన్న చూసేది తెరనే కదా! పెట్టెతో ఆయనకేం పని? అది వసారాలో ఉంటే కాదా?"

"పొడుగు వైరుంటే చాలండి. నా సంచిలో ఉంది. స్పీడు తగ్గించమంటారా?"

"నేను పెట్టిందే ఉండనివ్వండి."

"కొంచెం..."

"ఉండనివ్వండి."

"చిత్తం," అని పీచు దులిపాడు. పెట్టెను వసారాలోకి చేర్చి, కిటికీ సందులోంచి వైరు లోపలికి లాగాడు. బయట వాన గాలి చల్లగా కొడుతోంది. చీర మళ్ళీ తిరిగింది. ఒక్కసారి కాదు, మార్కండేయులు చాలనేదాకా తిరిగింది.

"జరీ రెండు పోగులు తగ్గించమ్మాయ్," అన్నాడాయన. "వచ్చే పడుగు నీదే."

తర్వాత ఉమామహేశ్ పీచు దులపాలంటూ రెండుసార్లు వచ్చాడు. దులపడానికి పెద్దగా ఏమీ లేదు. ఆ సంగతి శ్రీదుర్గకూ తెలుసు.

మూడోసారి తల్లి సుధామణిగారిని వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడ తమ ఊరు ఇబ్రహీంపట్నం నుంచి పూలూ పళ్ళూ తెచ్చి, పున్నమ్మ చేతికిచ్చి, "మీ అమ్మాయిని మా వాడికి చేసుకుందామని వచ్చామండి," అంది.

వంటింట్లోంచి శ్రీదుర్గ వచ్చిన రాకకి అందరూ సర్దుకు కూర్చున్నారు.

"అత్తయ్యగారూ, మీ మీద నాకేం లేదండి," అని అతని వైపు తిరిగింది. "నన్నడిగారా?"

"అంటే... పెద్దవాళ్ళ ద్వారా వస్తే పద్ధతిగా ఉంటుందని..."

"పద్ధతా? నేను కాదంటానని భయపడి, వాళ్ళని ముందు పెట్టుకుని వచ్చారు. అవునా?"

"అవునండి," అన్నాడు నేల చూస్తూ.

సుధామణిగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పున్నమ్మ మొగుడి వైపు చూసింది.

మార్కండేయులు గుంటలోంచి లేచాడు. అన్నం వేళ కాకుండా ఆయన లేవడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

"నన్నడిగి లాభం లేదు బాబూ. మాకిష్టమే. కానీ అది ఊఁ అనాలి. అడుగు. ఇక్కడే అడుగు."

అందరి ముందూ చెవులు ఎర్రబడ్డాయి అతనికి. "శ్రీదుర్గగారూ, మీరు కొట్లోకొచ్చి తిట్టిన రోజు నుంచీ నా మనసులో మీరే. నన్ను చేసుకుంటారా?"

"ఆ రోజు నుంచా?" శ్రీదుర్గ గొంతు పెరిగింది. "మరి ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నారు? పీచు దులుపుతున్నానని వచ్చి టీలు తాగిపోతారా? ఈసారైనా చెబుతారని గుమ్మంలో ఎదురుచూసి చూసి నా కళ్ళు కాయలు కాశాయి!"

అనేసి నాలిక కరుచుకుంది.

వసారా చూరు నుంచి వాన ధారగా పడుతోంది. ఉమామహేశ్ ముఖం వెలిగిపోయింది.

"కోపం ఎప్పుడు పోతుందండీ?"

"పెళ్ళయ్యాక చూద్దాం," అని పూలు తల్లి చేతిలోంచి లాక్కుని, విసురుగా లోపలికి వెళ్ళింది.