ఎర్ర బల్బు బిగించిన ఫోటో

ఆ ఆదివారం పొద్దున వెంకటశేషమ్మ పెరటి గుమ్మం దగ్గర పీట వేసుకుని మునగాకు దూస్తోంది. ఆమెకు ఎదురుగా కొడుకు నరేంద్రబాబు సిమెంటు గచ్చు మీద బోర్లా పడుకుని ఉన్నాడు. యాభై నాలుగేళ్ళ మనిషి, కరెంటాఫీసులో సీనియర్ అసిస్టెంటు, లుంగీతో నేలమీద పొర్లుతుంటే పక్కింటివాళ్ళు ఏమనుకుంటారన్న చింత ఆయనకు ఎప్పుడో పోయింది. కంటికి కెమెరా ఆనించుకుని, ఎడమచేత్తో లెన్సు మీది రింగును అటు రవ్వంత, ఇటు రవ్వంత తిప్పుతున్నాడు.

"కదలబాకమ్మా. రొంత గడ్డం పైకెత్తు."

"ఎత్తితే ఆకెట్లా కనపడతాదిరా? పుల్లలు కూరలో పడితే నీ పెళ్ళాం నన్నంటాది."

"నేనెప్పుడన్నా అన్నానా అత్తా?" వంటింట్లోంచి రేవతి గొంతు.

"అనలేదు. అంటావేమోనని."

ఆ అత్తాకోడళ్ళ మధ్య పాతికేళ్ళుగా ఇదే తీరు. పోట్లాట లేదు, అలాగని పొత్తూ లేదు. ఒకరి పనికి ఒకరు అడ్డుపడరు, ఒకరి పక్కన ఒకరు తీరిగ్గా కూర్చోరు. ముఖ్యమైన సంగతేదైనా ఉంటే రేవతి "మీ అమ్మకు చెప్పండి" అని మొగుడి మీదుగా పంపిస్తుంది. ఆవిడ జవాబు "నీ పెళ్ళానికి చెప్పు" అంటూ అదే దారిన తిరిగొస్తుంది. నరేంద్రబాబుకు జీతమిచ్చేది కరెంటాఫీసే గాని, ఇంట్లో ఆయన చేసేది మాత్రం తపాలా ఉద్యోగం, అదీ ఉచితంగా.

ఈ కెమెరా పిచ్చి మొదలై ఆరు నెలలు కావస్తోంది. కాలేజీ రోజుల్లో ఆయన మద్రాసు రైలెక్కి, బర్మా బజారుకు పోయి, ఒక పాత రష్యా కెమెరా కొనుక్కొచ్చాడు. ఫిల్ముల కాలం పోయాక అది పెట్టెలో చేరి బీరువా ఎక్కింది. మొన్నీమధ్య దించి చూస్తే కెమెరా తుప్పుపట్టి బిగుసుకుపోయింది గాని, లెన్సు మాత్రం కొన్ననాటిలాగే నిగనిగలాడుతోంది. చెన్నైలో ఉద్యోగం చేస్తున్న కూతురు వెన్నెల, తను వాడకుండా పడేసిన డిజిటల్ కెమెరాను తండ్రికిచ్చి, దానికి పాత లెన్సు అతికేలా ఒక రింగు తెప్పించి పెట్టింది. అంతే, ఆయనకు పోయిన వయసు తిరిగొచ్చింది. ఆఫీసులో పనెక్కువయినా విసుక్కోవడం మానేశాడు. పొద్దున్నే ఎవరూ లేపకుండా లేస్తున్నాడు. ఈ రెండూ చూసి రేవతి కూడా ఆ కెమెరాను ఏమీ అనలేదు.

సూళ్లూరుపేటలో కెమెరా పట్టినవాణ్ణి ఎవరైనా ముందు అడిగేది ఫ్లెమింగోల గురించే. నరేంద్రబాబూ స్కూటరేసుకుని పులికాట్ ఒడ్డుకు పోయాడు. మూరెడేసి లెన్సులు తెచ్చినవాళ్ళ పక్కన నిలబడితే ఈయనది బొటనవేలంత. అందులో ఫ్లెమింగోలు ఎవరో చల్లిన అక్షింతల్లా కనిపించాయి తప్ప పక్షుల్లా కనిపించలేదు. పైగా ఈ లెన్సులో ఏదీ దానంతటది కుదరదు. రింగు చేత్తో తిప్పి, ఎదుటి మనిషి కన్ను స్పష్టంగా కనపడేదాకా చూసి, అప్పుడు నొక్కాలి. అంతసేపు పక్షులు ఆగవు. రేవతి అసలే ఆగదు. ఇంట్లో కుదురుగా కూర్చునే మనిషి డెబ్భై ఎనిమిదేళ్ళ తల్లి ఒక్కతే.

అలా రోజూ తీయగా తీయగా ఒక ఫోటో అద్భుతంగా కుదిరింది. ఉన్న నాలుగు పళ్ళూ బయటపెట్టి నవ్వుతున్న వెంకటశేషమ్మ, వెనక మెత్తగా మసకబారిన పెరడు, నవ్వు ముడతల్లో పొద్దుటి ఎండ. దాన్ని రేవతి తన ఫోనులోకి వేయించుకుంది. ఆ వారమే నెల్లూరులో పెళ్ళికి వెళ్ళినప్పుడు, మొగుడికి కూడా చెప్పకుండా ఒక ఫ్రేముల షాపులో ఆ ఫోటో ఇచ్చింది. పెద్దది చేసి, హాల్లో పెట్టుకునేలా కట్టి పంపమంది. "మంచి ఫ్రేమే వెయ్యన్నా" అని కూడా అంది. ఆ మాటే కొంప ముంచింది.

పార్శిలు వచ్చింది ఆ మునగాకు దూసిన ఆదివారమే. ఆటో మనిషి వరండాలో పెట్టి పోయేసరికి నరేంద్రబాబు చేపల బజారులో ఉన్నాడు, రేవతి తలకు పోసుకుంటోంది. మనవరాలు ఏదో పంపిందనుకుని వెంకటశేషమ్మ తాడు విప్పింది.

వంజరం ముక్కలు సంచిలో వేయించుకుని హుషారుగా ఇంటికొచ్చిన నరేంద్రబాబుకు, హాల్లో నేలమీద కూర్చున్న తల్లి కనిపించింది. ఆమె ఒళ్ళో ఆమె ఫోటో. బంగారు రంగు ఫ్రేము, పైన రెండు మూలలా దండ తగిలించే కొక్కేలు, వాటి నడుమ ఎర్ర జీరో బల్బు, బల్బు నుంచి వేలాడుతున్న వైరూ ప్లగ్గూ. ఎదురుగా గోడ మీద, మూడేళ్ళ కిందట పోయిన తండ్రి పద్మనాభయ్య అచ్చం అలాంటి ఫ్రేములోంచే, అలాంటి బల్బు కిందనుంచే చూస్తున్నాడు.

"ఇంకెన్నాళ్ళురా నాకు?" అంది తల్లి.

"ఏంది మా? ఏందిది?"

"నన్నడగతావా? రోజూ గడ్డమెత్తు, ఇటు చూడు, కదలబాక అంటే, నా బిడ్డకు ఈ వయసులో నా మీద ప్రేమ పుట్టుకొచ్చింది గదా అనుకుంటిని. దీనికా? మీ నాయన పోయినప్పుడు దండేసేదానికి మంచి ఫోటో లేక, ఆధార్ కార్డు మీదిది పెద్దది చేయించితిరి. నాకాడ ఆ ఇబ్బంది రాకుండా ముందే చూసుకుంటా ఉండారు."

నరేంద్రబాబు చేపల సంచి కింద పెట్టాడు. ఈలోగా రేవతి తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చింది. ఫ్రేము చూసింది.

"అయ్యో! బల్బెందుకు పెట్టినాడు వాడు? నేను చెప్పలేదే!"

"అయితే చెయ్యించింది నువ్వేనా?"

"నేనే అత్తా. కానీ..."

"కానీ లేదు, గీనీ లేదు. బుచ్చిరెడ్డిపాలెంలో నాకొక కూతురుండాది. అది నాకు బల్బు పెట్టదు. ఈ పూటే పోతా. మళ్ళా ఈ గడప తొక్కను."

వెంకటశేషమ్మ అన్నంత పనీ చేసే మనిషి. లోపలికి పోయి సంచిలో చీరలు కుక్కసాగింది. నరేంద్రబాబు వెనకే పోయాడు.

"అమ్మా, నేను తీసినందుకే గదా ఇదంతా. లెన్సు మళ్ళా పెట్టెలో పడేస్తా. ఇంక జన్మలో ముట్టను, సరేనా?"

"పడేస్తే పడెయ్, లేకుంటే లేదు. తియ్యాల్సింది తీసేసినావు గదా."

అత్త బతికుండగానే ఫోటోకి బల్బు పెట్టించిన కోడలని చుట్టాలంతా చెప్పుకుంటారు. రేవతికి ఆ భయం ఒక పక్క ఉన్నా, అసలు బాధ అది కాదు. ఆవిడ నిజంగానే నమ్మేసింది. ఇన్నేళ్ళు ఒకే పొయ్యి మీద వండింది తిన్న మనిషి, కోడలు తన చావు కోసం కాచుకుని ఉందని ఒక్క నిమిషంలో నమ్మేసింది. రేవతి గబగబా ఫోను తీసి, షాపుకి చేసి, ఇల్లంతా వినపడేలా స్పీకరు పెట్టింది.

"అన్నా, సూళ్లూరుపేట నుంచి. మా అత్త ఫోటో కట్టించుకున్నా."

"వచ్చిందా అక్కా? వైరేమన్నా పొట్టిదయిందా?" అవతల గొంతు ఎంతో జాలిగా ఉంది.

"అసలు బల్బెవరు పెట్టమన్నారు నిన్ను?"

"చెప్పాలా అక్కా? పెద్దామె ఒక్కతే ఉండే ఫోటో. పెద్ద సైజు, హాల్లోకి, మంచి ఫ్రేము అంటివి. ఇంకేం అడగతాం? దుఃఖంలో ఉంటారు, పోయి ఎన్నాళ్ళయిందని అడిగితే ఏం బాగుంటాదని గమ్మున బిగించేసినా. మహాతల్లి, ఎంత కళగా ఉండాదక్కా! ఎట్లా పోయింది?"

సంచి పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన వెంకటశేషమ్మ ఇక ఓర్చుకోలేకపోయింది. కోడలి చేతిలో ఫోను లాక్కుంది.

"ఒరే నాయనా, ఇంకా పోలేదురా!"

"ఎవరమ్మా మాట్లాడేది?"

"ఆ ఫోటోలో ఉండేదాన్నే!"

అవతల ఏదో కిందపడి పగిలిన చప్పుడు వినిపించింది. ఫోను కట్టయింది.

ముందు నవ్వింది వెంకటశేషమ్మే. ఆపుకుందామని చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది గాని వల్లకాలేదు. సంచి జారవిడిచి, కుర్చీలో కూలబడి, డొక్కలు పట్టుకుని నవ్వింది. "ఎట్లా పోయిందంట! వాడి నోరు పడిపోనూ!" అంటూ కొడుకు వైపు చూస్తే వాడూ పడీ పడీ నవ్వుతున్నాడు. రేవతి మాత్రం నవ్వలేదు. గోడకు ఆనుకుని ఏడుస్తోంది.

"ఏందే? నాకు లేని ఏడుపు నీకెందుకు? తప్పు ఆ షాపోడిదని తేలిపోయె గదా."

"తేలకుంటే? ముక్కూ మొహం తెలియనోడు చెప్తే నమ్మినారు. నేను చెప్పబోతే నోరు మూయించినారు." రేవతి ముక్కు ఎగబీల్చింది. "ఎందుకు చెయ్యించినానో ఒక్క మాట అడిగినారా అత్తా? ఈ ఇంటికొచ్చి పాతికేళ్ళు దాటింది. నా మొహం చూసి మీరు ఒక్కనాడు అట్లా నవ్వలేదు. కనీసం గోడ మీదన్నా ఆ నవ్వుంటే, పొద్దున కాఫీ తాగతా చూసుకుంటాను గదా అని చెయ్యించినా."

వెంకటశేషమ్మ నేలమీది ఫోటో తీసి, కళ్ళజోడు సర్దుకుని, తనను తనే చాలాసేపు చూసుకుంది.

"పిచ్చిదానా," అంది చివరికి. "ఇది తీసిన పొద్దున చేపలామె అంకాలమ్మతో తగువేసుకుంటివే. రొయ్యలు నువ్వు తిని మీసాలు మాకమ్ముతా ఉండావా అని. వీడు నా మొహాన కెమెరా పెట్టుకోనుండాడు, నువ్వు వీడి వెనకాల చేట పట్టుకుని నిలబడుండావు. నాకు నవ్వాగలేదు. నిన్ను చూసే నవ్వినానే."

నరేంద్రబాబు వంగి ఫోటో చూశాడు. నిజమే. తల్లి చూపు లెన్సులోకి లేదు, కాస్త పక్కగా, ఆయన భుజం మీదుగా ఉంది. ఇన్నాళ్ళూ కన్ను స్పష్టంగా వచ్చిందా లేదా అన్నదే చూసుకున్నాడు గాని, ఆ కన్ను ఎవరిని చూస్తోందో చూడనే లేదు. ఆయనకు సిగ్గేసింది.

"మరి ఆ మాట నాతో చెప్పొచ్చు గదా అత్తా," అంది రేవతి చిన్నగా.

"చెప్తే ఇంక నేను అత్తనెట్లా అవుతా?" అని, వెంకటశేషమ్మ గొంతు తగ్గించింది. "చెప్పాల్సిందేలే. నీ మాటలకు లోలోపల ఎన్నిసార్లు నవ్వుకోనుండానో. కోడలి ఎదురుగా నవ్వితే అలుసైపోతానని మా అత్త నేర్పింది. ఆమె పాయె, నాకీ బుద్ధి మిగిలిపాయె."

ఆ మాటతో ఆవిడ కళ్ళూ తడిశాయి. వెంటనే కొడుకు మీద కేకలేసింది.

"ఏంరా చూస్తా ఉండావు? ముందు ఆ బల్బు పీకు. బాత్రూము కాడ పెడితే రాత్రిళ్ళు నాకు పనికొస్తాది. ఈ ఫోటో నీ గదిలో పెట్టుకో, హాల్లో వద్దు. ఒంటిగా ఉండే ఫోటో ఎప్పటికైనా దండకే. పోయి కెమెరా తే. ఇద్దరుండే ఫోటో తియ్యి. ఇద్దరుంటే దండెట్లా వేస్తారు? ఇంకొకరు బతికుంటారు గదా. రేవతీ, రా."

"చీర మార్చుకోని వస్తానత్తా."

"ఏం వద్దు. తువ్వాలతోనే రా."

పెరటి గుమ్మంలో పీట మీద అత్త కూర్చుంది. కింది మెట్టు మీద, మర్యాదకు కాస్త ఎడంగా, కోడలు కూర్చుంది. నరేంద్రబాబు రింగు తిప్పాడు. అమ్మ స్పష్టంగా కుదిరితే రేవతి మసకవుతోంది. రేవతి కుదిరితే అమ్మ మసకవుతోంది.

"ఇద్దరూ నాకు ఒకే దూరంలో ఉండాల. వేలెడు తేడా ఉన్నా ఒకరు మసకైపోతారు. ఈ లెన్సు ఒప్పుకోదు. దగ్గరికి జరగండి."

"ఇంకెంతరా?"

"ఇంకా. తలలు ఆనించుకోండి."

వెంకటశేషమ్మ విసుక్కుంటూ పీట పక్కకు నెట్టి, మెట్టు మీదికి దిగి, కోడలి పక్కనే కూర్చుంది. చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత రేవతి భుజం చుట్టూ వేసి దగ్గరికి లాక్కుంది. రేవతి తల వాల్చింది.

నరేంద్రబాబు మళ్ళీ రింగు తిప్పాడు. ఇప్పుడు ఇద్దరూ మసకగానే ఉన్నారు. లెన్సు తుడిచాడు. అయినా మసకే.

"లెన్సు కాదురా, కళ్ళు తుడుచుకో," అంది తల్లి.

తుడుచుకున్నాడు. "ఒక్క నిమిషం అమ్మా, అయిపోతాది. రేవతీ, పొయ్యి మీద ఏమన్నా ఉందా?"

"ఏమీ లేదు," అంది రేవతి, అత్త భుజం మీంచి తల తీయకుండా. "నిదానంగానే తియ్యండి. మాకేం తొందర లేదు."